మాటకు మీట

గోడమీది మీట నొక్కిన దీపము వెలుగును. మఱల నొక్కిన ఆఱిపోవును. దినమునకు ఎన్నియో మాఱులు మనమీ పనిని చేయుచుందుము గాని దానిని గూర్చి ఒక్కమాఱైనను తలపోయము. అట్టి మీటయే యొకటి, చేతులు స్వాధీనమున లేనివారికిని, నోట మాట రానివారికిని, తమ మనసులోని కోర్కెను పైకి తెలుపుకొను త్రోవ కాగలదని మన సోదరీమణులలో పెక్కండ్రు ఎఱుగరు. అట్టి మీటను ఎంచుట యెట్లు, అమర్చుట యెట్లు, అమర్చిన పిదప ఇంటివారు నడచుకొనవలసిన తీరెట్టిది యను సంగతులను మాకు తెలిసినంతవఱకు ఇచట వ్రాయ బూనితిమి.

ఇట్టి బిడ్డలు మన చుట్టుపట్ల లేరని యనుకొనరాదు. కలరు, వీధిలోనికి రారు గనుక కనబడరు. మా తాడిపత్రి బండల ఊరు. తండ్రి బండలు కోయు కార్ఖానాకును, తల్లి వేరుసెనగ పనికిని పోయిన పిదప, అవ్వ చెంత మంచముమీద పగలెల్ల పరుండియుండు బిడ్డలను మేమెఱుగుదుము. వానలు కొఱతపడు ఈ సీమలో ఒక దినపు కూలి పోగొట్టుకొని బిడ్డచెంత కూరుచుండుట ఏ తల్లికిని సులభము కాదు. పుట్టుకకు ముందో, పుట్టుక సమయముననో, పసితనముననో మెదడునకు తగిలిన దెబ్బచే అవయవములు బిగిసియో, అదుపు తప్పియో యుండు స్థితిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ యందురు. బుద్ధి చక్కగానే యుండియు, నాలుకను పెదవులను ఆడించు కండరములు లోబడనందున మాత్రమే మాట రానివారు వీరిలో పలువురు. కాని మాట లేనిచోట తెలివియు లేదని లోకము తీర్పు చెప్పును. భారతమున అష్టావక్రుని దేహము ఎనిమిది వంకరలు తిరిగినది. ఐనను ద్వారపాలకుడు అడ్డినప్పుడు వానితో వాదించి, జనకుని సభ జొచ్చి, వందిని గెలిచెను. ఆయనకు నోరుండెను. ఆ నోరును లేకున్నచో ద్వారపాలకుని మాటయే నిలిచిపోయెడిది గదా!

ఇట్టి మీటల చరిత్ర మిక్కిలి పాతది కాదు. 1960 ప్రాంతమున ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో, వెన్నెముక దెబ్బతిని మెడక్రింది దేహమంతయు చచ్చుబడినవారు తమంతట తామేమియు చేసికొనలేకుండుట చూచి, రెగ్ మాలింగ్ అను నాతడొక సాధనమును కల్పించెను. గొట్టములోనికి ఊపిరి నూదియు, పీల్చియు, రోగి గంటను మ్రోగింపవచ్చును, దీపమును వెలిగింపవచ్చును, టైపు యంత్రముపై జాబు వ్రాయవచ్చును. దానికి పోసమ్ అని పేరు. అది ఆంగ్లపదముల పొడియక్షరములనుండి వచ్చినదే యైనను, లాటిను భాషలో ఆ మాటకు 'నేను చేయగలను' అని యర్థము. పేరు పెట్టినవారు చమత్కారులు.

స్టీఫెన్ హాకింగ్ అను భౌతికశాస్త్రజ్ఞుని పేరు మీరందఱు వినియుందురు. నరములు క్షీణించు వ్యాధిచే బాధపడుచు 1985లో ఆయన కంఠధ్వనిని గోల్పోయెను. మొదట చేతి మీటతోను, చేయియు చెడిన పిదప చెంప కండరపు చిన్న కదలికతోను — కంటియద్దములకు తగిలించిన సాధన మొకటి ఆ కదలికను కనిపెట్టుచుండెను — 2018లో మరణించువఱకు మాటలాడుచునే యుండెను. మన దేశముననే, బొంబాయిలో, మాలినీ చిబ్ అను నామె ఒక్క చిన్న వ్రేలితో టైపు చేసి తన కథను వ్రాయగా, 2010లో అది 'వన్ లిటిల్ ఫింగర్' అను పేర వెలువడినది. ఆమె తల్లి మిథూ ఆలూర్ 1972లో అచట స్పాస్టిక్స్ సొసైటీని నెలకొల్పెను. మద్రాసులో పూనమ్ నటరాజన్ 1985లో మొదలిడిన సంస్థ నేడు విద్యాసాగర్ అను పేర పేరొందినది. ఆమెయు అట్టి బిడ్డ తల్లియే. తల్లుల పట్టుదల లేకున్న ఇట్టి సంస్థలు మన దేశమున పుట్టెడివా యని మాకు సందేహము.

ఇక మీటను ఎంచుట. ఇచట మేము ముఖ్యముగా చెప్పదలచినది, ఆ పనిని అంగడిలో మొదలిడరాదని. బిడ్డ దేహమున మొదలిడవలెను. ఎఱ్ఱగా గుండ్రముగా పళ్లెమువలె నుండు 'బిగ్ రెడ్' అను మీట యొకటి కలదు. అయిదు అంగుళముల వెడల్పు. దాని చెల్లెలు 'జెల్లీ బీన్' రెండున్నర అంగుళములు. ఇవి అమెరికానుండి వచ్చునవి, వేల రూపాయల వెల గలవి, గట్టివి. చూడగనే కొనవలెనని తోచును. కాని బిడ్డ ఏ యవయవముతో నొక్కగలడో తెలియక కొన్న మీట అల్మారాలో చేరును.

మొట్టమొదట కూరుచుండుటను చక్కబఱుపవలెను. మంచముమీద ప్రక్కకు ఒరిగియున్న బిడ్డ తన బలమంతయు పడిపోకుండుటకే వ్యయపఱచును, నొక్కుటకేమి మిగులును? పిఱుదులు కుర్చీ వెనుకకు ఆనవలెను, పాదముల క్రింద పీటయైనను ఇటుకలైనను ఉండవలెను, తల నడుమ నిలువవలెను. నడుమునకు మెత్తని పట్టీ వేయవచ్చును. ఇంతమాత్రముననే కొందఱు బిడ్డల చేతులు లోబడుట మేము చూచితిమి.

పిదప కనిపెట్టవలెను. తొందరపడక మూడు నాలుగు దినములు ఉదయమును సాయంకాలమును చూడవలెను. బిడ్డ తానై, కోరి, మఱల మఱల చేయగల కదలిక యేది? చేయియా, తలయా, మోకాలా, పాదమా, కనుబొమయా? ఒక్కొక్క చోట పదిమాఱులు నొక్కుమని చెప్పి, ఎన్నిమాఱులు నొక్కెనో వ్రాసికొనవలెను. నొక్కుట యొక్కటియే కాదు; విడుచుట యింకను ముఖ్యము. బిగిసిన చేయి మీటమీద పడి అచటనే యుండిపోయినచో, ఆ చోటు పనికిరాదు. నొక్కుటకంటె విడుచుటయే కష్టమైన బిడ్డలు పెక్కండ్రు.

మా యింటికి నాలుగిండ్ల కవతల పదునొకండేండ్ల బాలుడొకడున్నాడు. వాని తల్లి మొదట అందఱివలెనే మీటను కుడిచేతి చెంతనే పెట్టినది. చేయి పనిచేయుటకే గదా దేవుడిచ్చినది! పదిమాఱులలో నాలుగుమాఱులు నొక్కెను. ఒక్కొక్కమాఱు పిడికిలి విప్పుటకు అవ్వ సాయము కావలసివచ్చెను. తల కుడిప్రక్కకు కొంచెము వాల్చి చెంపతో నొక్కుమన్నప్పుడు పదింట ఎనిమిది, వెంటనే విడిచెను. తల్లి వంటింటి క్యాలెండరుమీద ఈ లెక్కలన్నియు వ్రాసి యుంచినది. ఆ క్యాలెండరును ఏ పరీక్షపత్రముకంటెను మేము ఎక్కువగా గౌరవింతుము.

తల మీటలో ఒక జాగ్రత్త కలదు. ఈ వ్యాధి గల కొందఱు బిడ్డలకు తల ఒక ప్రక్కకు పూర్తిగా తిరిగినంతనే ఆ ప్రక్క చేయి తనంతట చాచుకొని బిగిసిపోవును. కావున మీటను చెంపకు దగ్గఱగా, రెండు వ్రేళ్ల యెడమున, తల యించుక వాలిన తగులునట్లు పెట్టవలెను; చూడవలసిన వస్తువును బిడ్డ కెదురుగా నడుమనే యుంచవలెను. ఆ బాలుని కుర్చీవెనుక ఒక యినుపకడ్డీని వెల్డింగు అంగడిలో అతికించి, దాని కొసకు మీటను కట్టిరి. కడ్డీ ఏ యెత్తున నిలిచినప్పుడు చెంపకు సరిగా అందినదో అచట వాని అక్క గోళ్ల రంగుతో గుఱుతు పెట్టినది. ఈ గుఱుతు మిక్కిలి అవసరము. ప్రతిదినము చోటు మాఱుచున్నచో ప్రతిదినము బిడ్డ కొత్తగా నేర్చుకొనవలసివచ్చును.

అందఱికిని ఇదే తగునని కాదు. చేయి వణకువారికి కొంచెము గట్టిగా నొక్కవలసిన మీట మేలు. లేనిచో కోరకయే మ్రోగుచుండును. కండరములు కరగిపోవు వ్యాధి గలవారికి ఈకవలె తేలికగా తాకిన చాలునట్టిది కావలెను. మెడక్రింద చచ్చుబడినవారికి ఊపిరి మీట. వ్యాధి పెరుగునదైనచో నేటి చోటు మఱుసటి యేటికి చెల్లదు. హాకింగు చేతినుండి చెంపకు పోయినట్లు, తరువాతి చోటును ముందుగనే వెదకి యుంచవలెను.

వెల యిచ్చుకొనలేనివారు ఇంటనే మీటను చేసికొనవచ్చును. రెండు అట్టముక్కల లోపలివైపున భోజనపు పొట్లములు చుట్టు అల్యూమినియము రేకును అంటించి, ఒక్కొక్క రేకునకు ఒక్కొక్క సన్నని తీగె తగిలించి, రెంటి నడుమ రంధ్రము చేసిన స్పాంజిని పెట్టి కట్టవలెను. నొక్కినప్పుడు రంధ్రముగుండ రేకులు రెండును తాకును, విడిచినప్పుడు స్పాంజి వానిని విడదీయును. మీట యనిన ఇంతియే. రెండు లోహములు కలిసి విడిపోవుట. ఆ తీగెలను బ్యాటరీతో పనిచేయు పిలుపుగంట బొత్తామునకు సెల్‌ఫోనులు బాగుచేయు కుర్రవాడు అతికించి యిచ్చును. చెవిలో పెట్టుకొను ఫోను తీగెలకుండు మూడున్నర మిల్లీమీటర్ల ముల్లువంటిదే ఈ మీటలకును వాడుక. ఆ ముల్లు పెట్టించినచో తరువాత కొను సాధనములకును అది సరిపోవును. గోడలోని 230 వోల్టుల విద్యుత్తును మాత్రము బిడ్డ మీటకు ఎన్నడును తగిలింపరాదు. చొంగ కారు బిడ్డలు, చెమట పట్టు ఎండకాలము. చిన్న బ్యాటరీల బలముతోనే పని జరుగవలెను.

మొదట ఫోను జోలికి పోవలదు. గంటయే మేలు. నొక్కినచో ఎవరో ఒకరు వత్తురని బిడ్డకు తెలియుటయే మొదటి పాఠము. తొలి రెండు వారములు ఎన్నిమాఱులు మ్రోగినను పోవలెను. ఆటకు నొక్కినను పోవలెను. ఆ బాలుని అవ్వ మొదటి దినమున, "ఏం నాయనా, పిలిస్తివా?" అని నలుబదిమాఱులు లేచినది. నడుమునొప్పి గల ముసలమ్మ! మూడవ వారమునాటికి గంటలు తగ్గినవి; అవసరమునకే మ్రోగినవి.

తరువాత ఎంచుకొనుట. ఇది కొంచెము వివరముగా చెప్పవలసిన సంగతి. మీట యొక్కటి, కావలసినవి పెక్కు. ఒక్క మీటతో పెక్కింటిలో నొకదానిని ఎంచుటకు ఉపాయము, వస్తువులను ఒకటి తరువాత నొకటిగా చూపుచు పోవుట. కోరినది వచ్చినప్పుడు బిడ్డ నొక్కును. సంగటి, బొరుగులు, ఉగ్గాని, నీళ్లు అని వరుసగా చెప్పుచు పోయిన తల్లియు ఇదే పని చేయుచున్నది. ఆండ్రాయిడు ఫోనులలో 'స్విచ్ యాక్సెస్' అనునదియు, ఐఫోనులలో 2013 నుండి 'స్విచ్ కంట్రోల్' అనునదియు ఇట్లే తెరమీది బొమ్మల చుట్టు ఒక చట్రమును త్రిప్పుచుండును. దీనికి మీటనుండి ఫోనునకు పోవు చిన్న సాధన మొకటి కావలెను. పాత కీబోర్డులోని ఒక అక్షరపు మీటకు తీగెలు అతికించి ఫోనునకు తగిలించినను పనిచేయును. మా వారి బడిలో మూలబడిన కీబోర్డొకటి యిట్లు ఉపయోగపడినది. తల కదలికను, చిఱునవ్వును, కనుబొమ ఎత్తుటను ఫోనులోని కెమెరాయే కనిపెట్టి మీటగా గ్రహించు ఏర్పాటును నేడు కలదు. కాని చీకటియింట అది తడబడును.

చట్రము ఒక్కొక్క బొమ్మమీద ఎంతసేపు నిలువవలెనో ఇంటివారే నిర్ణయింపవచ్చును. మొదట అయిదాఱు సెకనులు పెట్టుకొని, పిదప కొంచెము కొంచెముగా తగ్గింపవలెను. వేగము చూచి మురియరాదు. చేయి వణకి ఒకేసారి రెండుమాఱులు నొక్కువారి కొఱకు రెండవ నొక్కుడును లెక్కింపకుండు ఏర్పాటును ఉండును. దానిని తప్పక చూచుకొనవలెను. బొమ్మను ఎంచినంతనే మాటను పలుకు ఉపకరణములు మన దేశముననే తయారైనవి: చెన్నైలో పుట్టిన ఆవాజ్, బొంబాయి ఐఐటీలో పుట్టిన జెల్లో.

బొమ్మలు మంచివే. కాని బొమ్మ లేని మాటను బిడ్డ ఎట్లు చెప్పును? అక్షరములు కావలెను. ఫ్రాన్సు దేశమున జాన్ డొమినిక్ బోబీ అను పత్రికా సంపాదకునకు 1995లో మెదడు దెబ్బతిని ఎడమకంటి రెప్ప తప్ప ఏమియు కదలకుండెను. ఒకామె అక్షరములను వరుసగా చదువుచుండ, కావలసినచోట రెప్ప వాల్చి, ఒక పుస్తకమునే చెప్పి వ్రాయించెను. అది 1997లో వెలువడినది. వారి అక్షరమాలలో ఎక్కువగా వచ్చు అక్షరములు ముందు వచ్చునట్లు కొత్తవరుస నొకదానిని కట్టుకొనవలసివచ్చెను.

మనకు అట్టి శ్రమ లేదు. మన పెద్దలు వర్ణములను నోటిలో పుట్టు చోటులనుబట్టి వర్గములుగా పేర్చి యిచ్చిరి. క మొదలు మ వఱకు ఇరువదియైదక్షరములు, అయిదేసి చొప్పున అయిదు వరుసలు. ఒక్కొక్క అక్షరముగా చదివిన 'మ' యను దానికై ఇరువదియైదుమాఱులు వేచియుండవలెను. ముందు వర్గమును, పిదప అక్షరమును అడిగినచో పదింటితో సరి. అడుగునకు రెండు సెకనులు పట్టుననుకొన్న, ఏబది సెకనుల పని ఇరువదింటితో ముగియును. అచ్చులు వేఱుగా రెండు వరుసలు. సున్నయు, య ర ల వ లును మఱి రెండు మూడు. హల్లు తెలిసిన పిదప గుణింతము. చిన్ననాట మా తాతగారి చెంత ఈ వర్ణమాలను వల్లించునప్పుడు, ఇది మాట రానివారికి ఇంతటి మెట్లదారి యగునని మాకెన్నడును తోచలేదు.

ఆ బాలుని అక్క తొమ్మిదవ తరగతి చదువుచున్నది. పెద్ద అట్టమీద వరుసలు వ్రాసి, పుల్లతో చూపుచు, పైకి చదువును. తమ్ముడు గంట మ్రోగించును. అట్టకు కరెంటుకోత లేదు. వీనికి అక్షరములు ఎవరు నేర్పిరని అడుగుదురేమో! ఆమె ఒకటవ తరగతినుండి వానిప్రక్కనే కూరుచుండి బిగ్గఱగా చదువుకొన్నది. వాడు వినుచు, చూచుచు నేర్చెను. అంతకుముందు ఒక వైద్యుడు, వాడు వినుచుండగనే, "వీనికేమీ తెలియదమ్మా, ఊరికే తిప్పవద్దు" అని చెప్పి పంపెనట.

వాడు 'అమ్మ' అని చెప్పునని అందఱును ఎదురుచూచిరి. రెండవ అచ్చుల వరుసలో గంట మ్రోగెను; మొదటి యక్షరము, ఎ. పిదప సున్న. పిదప ట వర్గమున మూడవది. ఎండ. కొంతసేపు ఎవరికిని అర్థము కాలేదు. వానికి వీధి కనబడవలెనని, ఎంతో ప్రేమతో, ఏండ్లతరబడి ప్రతిదినము మధ్యాహ్నము పడమటి కిటికీ చెంత కూరుచుండబెట్టుచుండిరి. మూడు గంటలకు ఎండ నేరుగా వాని మొగమున పడును. మూలుగునప్పుడెల్ల ఆకలి యనుకొని అన్నము పెట్టుచుండిరి. తల్లి కొంగు నోటి కడ్డము పెట్టుకొని లోనికి పోయినది. తండ్రి కుర్చీని అప్పటికప్పుడే త్రిప్పి తూర్పు గుమ్మమున పెట్టెను.

ఇంటివారికి రెండు మూడు మాటలు. బిడ్డ సగము మాట చెప్పగనే తక్కినది తామే పూరించి, "ఇదే గదా?" అనుట మనలో నందఱికిని ఉన్న యలవాటు, కొంచెము ఓర్చుకొనవలెను. బంధువులు వచ్చినప్పుడు "ఏదీ, నొక్కి చూపు" అని యాడింపరాదు. అల్లరి చేసెనని మీటను తీసి దాచుట నోట గుడ్డ కుక్కుటతో సమానము. 'వద్దు' అను మాటను తప్పక అట్టమీదను, ఫోనులోను మొదటి వరుసలోనే యుంచవలెను. దానిని బిడ్డ చెప్పినప్పుడు, మందు విషయమున దక్క, పాటింపవలెను.

సాయము కావలసినవారు మండలమునందలి భవిత కేంద్రమున ప్రత్యేకోపాధ్యాయులను అడుగవచ్చును. అనంతపురమున 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలిడిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు జిల్లా గ్రామములలో అవయవలోపము గలవారికొఱకు చిరకాలము పనిచేసినది. 2016 నాటి చట్టము ఇరువదియొక్క విధముల లోపములను గుర్తించినది. సెరిబ్రల్ పాల్సీయు, కండరములు క్షీణించు వ్యాధియు అందు చేరియున్నవి. సదరం శిబిరములో ధ్రువపత్రము పొందియుండుట మొదటి పని. ఉపకరణములకైనను, పింఛనుకైనను అదియే అడుగుదురు. అనంతపురమునకు పోయి వచ్చుట ఒక దినపు కూలి గనుక, పోవునప్పుడే బిడ్డ ఫోటోలను, ఆధారు కార్డును, ఆ క్యాలెండరు లెక్కలను గూడ కొనిపోవుట మంచిది. లెక్కలు చూచిన ఫిజియోథెరపిస్టు మొదటి గంటను ఊరక పోగొట్టడు.

మా ఊరి ఎండకును, బండల దుమ్మునకును మీట నిలుచుట కొంచెము కష్టమే. చైత్రవైశాఖములలో అంటుపట్టీ జిగురు కరగి జాఱును. దారముతో గూడ కట్టవలెను. రేకుమీద సన్నని తెల్లని దుమ్ము పేరుకొన్నచో తాకినను పనిచేయదు గనుక వారమునకొకమాఱు విప్పి పొడిగుడ్డతో తుడువవలెను. పైన పాత దిండుగలీబు గుడ్డతో తొడుగు కుట్టిన చెంపకు ఒరపిడి యుండదు, ఉతుకుకొనవచ్చును. రాత్రి పరుండుచోట మీట ఎచట నుండవలెనో వేఱుగా చూచుకొనవలెను. పగటి కుర్చీ కొలత మంచమునకు చెల్లదు. మీటలు రెండు చేసి యుంచుకొనుట మేలు. ఆ యింట రెండవదానికి తీగెలు అతికినందుకు కుర్రవాడు ఏబది రూపాయలు పుచ్చుకొనెను.